ఈఎమ్ లెక్క కరెక్టే కానీ లోపలి లిస్టులో అక్షరాలు చిన్నవైపోతున్నాయి, ఎందుకు?

కొత్తకోడర్:
అందరికీ నమస్తే. వెబ్ పేజీ డిజైన్ ఫైల్‌లో సైజులన్నీ పిక్సెల్స్‌లో ఉన్నాయి, ఈఎమ్‌లోకి (అక్షరాల సైజుని బట్టి మారే కొలత) మార్చమన్నారు, 16తో డివైడ్ చేస్తే చాలని ఎక్కడో చదివి మొత్తం అలాగే కొట్టేశా. లిస్టులో అక్షరాలు 14 పిక్సెల్స్ కాబట్టి ఒక్కో ఐటమ్‌కి వాడే ఎల్‌ఐ ట్యాగ్‌కి 0.875ఈఎమ్ పెట్టా. బయటి లిస్టు బానే ఉంది, లోపలిది కాస్త చిన్నగా వస్తోంది, దాని లోపలిదైతే కళ్ళు చికిలించి చూడాల్సిందే. ఇంకోటి, హెడ్డింగ్ 32 పిక్సెల్స్, దాని కింద గ్యాప్ 16 కావాలి, అంటే 1ఈఎమ్ కదా, పెడితే 32 వస్తోంది!! కాలిక్యులేటర్‌లో నాలుగుసార్లు చూశా, లెక్క కరెక్టే.

పాతకాపు:
లెక్క కరెక్టే తమ్ముడూ, దేంతో డివైడ్ చేశావో అక్కడే తేడా. 16 అనేది బ్రౌజర్ మామూలుగా ఇచ్చే సైజు, అంతే. ఫాంట్ సైజ్‌లో ఈఎమ్ రాస్తే పేరెంట్ (దాన్ని చుట్టి ఉన్న ట్యాగ్) ఫాంట్ సైజుతో గుణిస్తుంది. మార్జిన్ (బయటి ఖాళీ), ప్యాడింగ్ (లోపలి ఖాళీ) లాంటివాటిలో రాస్తే ఆ ఎలిమెంట్ సొంత ఫాంట్ సైజుతో గుణిస్తుంది. నీ బయటి లిస్టు 14, లోపలిది 14కి 0.875 రెట్లు అంటే 12.25, దాని లోపలిది 10.7, చక్రవడ్డీలాగే కాకపోతే ఇక్కడ అసలు కరిగిపోతోంది. హెడ్డింగ్ సొంత సైజు 32 కదా, గ్యాప్ 16 కావాలంటే 0.5ఈఎమ్. లిస్టుకి 0.875రెమ్ పెట్టెయ్, రెమ్ ఎప్పుడూ పేజీ మొత్తాన్ని చుట్టి ఉండే హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్ సైజే చూస్తుంది, ఎన్ని పొరల లోపలున్నా మారదు.

సున్నాచుట్టు:
ఇంత గోలెందుకు, మేమైతే హెచ్‌టీఎమ్‌ఎల్‌కి 62.5 శాతం పెట్టేస్తాం, 1రెమ్ అంటే 10 పిక్సెల్స్, 14 కావాలంటే 1.4రెమ్. కాలిక్యులేటర్ పనే లేదు.

పాతకాపు:
@సున్నాచుట్టు బానే ఉంటుంది గానీ బాడీకి 1.6రెమ్ పెట్టడం మర్చిపోతే పేజీ అంతా చీమల బారే. బయటినుంచి తెచ్చిన విడ్జెట్ ఏదైనా రెమ్‌లో రాసుంటే అదీ కుంచించుకుపోతుంది. మీడియా క్వెరీలు (స్క్రీన్ వెడల్పుని బట్టి స్టైల్ మార్చే రూల్స్) ఈ 62.5ని అసలు పట్టించుకోవు, అక్కడ 48ఈఎమ్ అంటే 768 పిక్సెల్సే, 480 అనుకుని రాసి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నా నేను. శాతం బదులు నేరుగా 10 పిక్సెల్స్ అని మాత్రం రాయకండి, చూపు సరిగా లేక బ్రౌజర్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్ళకి ఆ సెట్టింగ్ పనిచేయకుండా పోతుంది. అసలు మనం పిక్సెల్స్ మానేసేదే వాళ్ళ కోసం కదా.

అక్షరాలపిచ్చి:
రెమ్ మంచిదే అని అన్నీ రెమ్ చేసెయ్యకండి బాబోయ్. అక్షరాల మధ్య ఎడం ఈఎమ్‌లోనే ఉండాలి, సైజు పెరిగితే ఎడం కూడా పెరగాలి కాబట్టి. ఫోటోషాప్‌లో ట్రాకింగ్ (ఈ ఎడమే) 50 అని ఉంటే దాన్ని 1000తో డివైడ్ చేయండి, 0.05ఈఎమ్, అక్కడ 16 ఊసే రాదు. లైన్ హైట్‌కి (ఒక్కో లైన్ ఎత్తు) మాత్రం ఏ యూనిట్టూ వద్దు, ఉత్తి 1.5 చాలు. బాడీకి 1.5ఈఎమ్ అని పెడితే అది 24 పిక్సెల్స్‌గా లెక్కగట్టుకుని కిందికి దిగుతుంది, 32 సైజు హెడ్డింగ్ రెండు లైన్లకి వస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి.

కొత్తకోడర్:
థాంక్యూ అందరికీ, లిస్టు, హెడ్డింగ్ రెండూ సెట్ అయ్యాయి. కానీ పేరాలో కోడ్ ట్యాగ్ పెట్టిన ముక్క ఒక్కటి 13 పిక్సెల్స్ చూపిస్తోంది, దానికి నేను సైజే ఇవ్వలేదు, పేరా 16లోనే ఉంది, ఇది ఏ లెక్క మళ్ళీ?

అక్షరాలపిచ్చి:
హహ అది నీ తప్పు కాదు. కోడ్ ట్యాగ్‌కి బ్రౌజర్ మోనోస్పేస్ (అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు ఉండే ఫాంట్) వాడుతుంది, దానికి బ్రౌజర్లలో మామూలు సైజు 13, 16 కాదు, ఎప్పటినుంచో అంతే. ఫాంట్ ఫ్యామిలీలో మోనోస్పేస్, కామా, మళ్ళీ మోనోస్పేస్ అని రెండుసార్లు రాయి.

కొత్తకోడర్:
రెండుసార్లు రాస్తే 16 వచ్చేసింది 😳 చూసినవాళ్ళు పొరపాటున రాశా అనుకుంటారు, పక్కన కామెంట్ పెట్టేశా.