ఈ వారం సమస్య: బొమ్మ నోరు విప్పి పొడుపు విప్పె

నిర్వాహకులు:
మిత్రులందరికీ నమస్కారం. ఈసారి విషయం బొమ్మల పజిళ్లు, అంటే బొమ్మలో మాట దాచి కనుక్కోమనే ఆట. ఇచ్చిన పాదం ఆటవెలది పద్యంలో నాలుగోది, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

బొమ్మ నోరు విప్పి పొడుపు విప్పె

గణమంటే గురులఘువుల లెక్కతో కూర్చిన అక్షరాల గుంపు. సూర్యగణాలు చిన్నవి, ఇంద్రగణాలు పెద్దవి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. దానికి బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం, చెల్లుతుంది.

ఒక్క విన్నపం. బొమ్మ కలలో మాట్లాడిందని, టీవీలో మాట్లాడిందని తప్పించుకోకండి. నోరు లేని బొమ్మ ఎలా పలికిందో పద్యంలోనే తేలాలి. మంచి పజిల్‌కీ ఇదే కొలత. జవాబుకు దారి బొమ్మలోనే ఉండాలి, బయటి నుంచి ఎవరో వచ్చి చెప్పాల్సిన అవసరం రాకూడదు.

గోదావరి గట్టు:
గురువుగారూ, నా ప్రయత్నం.

కంటినుండి వేలి కడ దాటి గీతను
గీయ నంచునందు కీలు దొరికె
అక్షరములు కూర్చ నడుగున కుందేలు
బొమ్మ నోరు విప్పి పొడుపు విప్పె

ఇది 1979లో ఇంగ్లండులో వచ్చిన కిట్ విలియమ్స్ బొమ్మల పుస్తకం 'మాస్క్వరేడ్' గురించి. అందులో 15 వర్ణచిత్రాలు, ఒక్కోదాని చుట్టూ అక్షరాల అంచు. ఆయన ఒక బంగారు కుందేలు నగ చేసి మట్టిలో పాతిపెట్టాడు, చోటు మాత్రం బొమ్మల్లోనే దాచాడు. బొమ్మలోని ప్రాణుల కంటి నుంచి పొడుగు వేలి మీదుగా గీత గీస్తే అది అంచులో ఒక అక్షరానికి తగులుతుంది. కాలి బొటనవేలికీ అంతే. అలా ఏరిన అక్షరాలతో మాటలు, మాటలతో వాక్యం వస్తాయి. ఒక్కో బొమ్మ నుంచి వచ్చిన మాట లేదా పదబంధం మొదటి అక్షరాన్ని వరసగా చదివితే 'క్లోజ్ బై ఆంప్ట్‌హిల్', అంటే ఆంప్ట్‌హిల్ దగ్గర అని. అక్కడి పార్కులో రాణి కేథరిన్ పేరిట ఒక శిలువ స్తంభం ఉంది. విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే) రోజు మధ్యాహ్నం దాని నీడ కొస ఎక్కడ పడుతుందో అక్కడ తవ్వాలి.

ఓరుగల్లు మాస్టారు:
బాబూ, ఎత్తుగడ చాలా బాగుంది. సమస్యలోని 'బొమ్మ'ను కుందేలుకు అతికించడంతో రంగుల బొమ్మా, బంగారు బొమ్మా రెండూ పలికాయి. 'అడుగున' అన్న మాటకూ రెండు అర్థాలు వస్తున్నాయి, నేల అడుగున అనీ, చిత్రం అడుగున అనీ. 'గీ'కి 'కీ' యతి సరిగ్గా కుదిరింది. నాకున్న అభ్యంతరం పజిల్ మీదే. కంటినీ వేలినీ కలపాలని చదివేవాడికి ఎలా తోస్తుంది? జనం ఊళ్లకు ఊళ్లు తవ్విపోశారట కదా!

నిర్వాహకులు:
మాస్టారూ, ఇక్కడ నేను చిత్రకారుడి పక్షమే. చూసే కళ్లు, చూపించే వేళ్లు. దారి చెప్పడానికి బొమ్మలో ఇంతకంటే ఏముంటుంది? ఇద్దరు ఫిజిక్స్ టీచర్లు అలాగే విప్పారు. బాధంతా తర్వాత జరిగినదాని గురించి. 1982లో కుందేలు దక్కింది మాత్రం ఇంకొకరికి. ఆయన పజిల్ విప్పకుండా, చిత్రకారుడికి ఒకప్పుడు దగ్గరైన మనిషి ద్వారా తెలిసిన సమాచారంతో అక్కడికి చేరాడని 1988లో పత్రికలో బయటపడింది. పజిల్‌లో తప్పేమీ లేదు, జవాబు పక్కదారిన బయటికి వచ్చింది. రెండేళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నవాళ్లను తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

డాలస్ తెలుగమ్మాయి:
మా పాపతో ఆడే ఆట మీద రాశానండీ. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఒక్క మాట చెప్పమంటాను.

పాలగిన్నె పక్క పిట్టను జూపించి
పేరు చెప్పు మనగ పిల్ల నవ్వె
రెంటి నొక్కమాట రీతిగా జేర్చగా
బొమ్మ నోరు విప్పి పొడుపు విప్పె

నిర్వాహకులు:
అమ్మా, చక్కటి పద్యం. గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో మాత్రం 'పా'కు 'పి' యతి చెల్లదు, హల్లు కలిసింది కానీ అచ్చు కలవలేదు. పైగా 'పిట్ట' అనేస్తే జవాబు సగం మీరే చెప్పేసినట్టు. ఇలా మారిస్తే రెండూ తీరతాయి:

పాలగిన్నె చెంత పక్షిని జూపించి

ఇప్పుడు యతి కుదిరింది, పాలపిట్ట దాగింది. రెండో పాదంలో 'పే'కు 'పి' చెల్లుతుంది, కంగారు పడకండి. 'పిల్ల నవ్వె' దగ్గర నాకూ నవ్వొచ్చింది. విప్పలేని పిల్ల నవ్వదు, ఆ నవ్వులోనే జవాబు తెలిసిపోయింది.

ఓరుగల్లు మాస్టారు:
ఆ అమ్మాయి రాసింది ఆట అయినా, రాత పుట్టుకలో ఈ ఉపాయమే ఉంది. నా పూరణ అందుకోండి.

చేప దిగువ నులిని చెక్కిన పలకపై
రాజు పేరు దాగె రాతిలోన
నారు మేరు కలిసి నార్మెరై పలుకగా
బొమ్మ నోరు విప్పి పొడుపు విప్పె

ఈజిప్టులో 1898లో దొరికిన నార్మెర్ పలక ఇది, దాదాపు 5 వేల ఏళ్ల నాటిది. పై భాగంలో ఒక చట్రంలో చేప, దాని కింద ఉలి. వాళ్ల భాషలో ఆ చేపను 'నార్' అనీ ఉలిని 'మెర్' అనీ పలికేవారు. చేపతో గానీ ఉలితో గానీ రాజుకు పని లేదు, ఆ బొమ్మల ధ్వనులే అతని పేరు.

గోదావరి గట్టు:
మాస్టారూ, మూడో పాదం ఒక్కటే చాలు! 'నారు మేరు' వినగానే చెవికి తెలుగులా ఉంది, కలిపితే ఈజిప్టు రాజు లేచి నిలబడ్డాడు.

నిర్వాహకులు:
నిజం. చిన్న సవరణ చెబుతాను, మన్నించాలి. 'పలకపై', 'రాతిలోన' రెండూ ఒకే చోటును చెబుతున్నాయి. 'చెక్కిన చిత్రాన' అంటే గణం చెడదు, పునరుక్తి పోతుంది.

ఓరుగల్లు మాస్టారు:
బాగుంది, అలాగే ఉంచండి.

పద్యాల పిచ్చి:
అందరూ విదేశాలు తిరిగొచ్చారు, నేను మన బంధకవిత్వం దగ్గర, అంటే పద్యం అక్షరాలను ఒక బొమ్మలో అమర్చే కవిత్వం దగ్గర, ఆగాను.

చక్రబంధమందు జాడగా మాఘుండు
తనదు పేరు కృతియు దాచిపెట్ట
ఆకు లెంచి చుట్టు నరసిన వారికి
బొమ్మ నోరు విప్పి పొడుపు విప్పె

నిర్వాహకులు:
ఈ వారానికి నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. కొత్తవారి కోసం కాస్త వివరిస్తాను. సంస్కృత కవి మాఘుడి కావ్యం శిశుపాలవధం 19వ సర్గ చివర శార్దూలవిక్రీడిత వృత్తంలో ఒక పద్యం ఉంది. పాదానికి 19 అక్షరాలు. మూడు పాదాలను చక్రంలో అడ్డంగా రాస్తే ఆరు ఆకులు, అంటే నడిమి నుంచి అంచుకు వెళ్లే పుల్లలు, వస్తాయి. మూడింటి పదో అక్షరమూ ఒక్కటే, అది నడిమి కుండలో కూర్చుంటుంది. నాలుగో పాదం చుట్టూ పట్టీ. ఆరు ఆకులు కాబట్టి లోపలి ఒక్కో వలయంలో ఆరే అక్షరాలు ఉంటాయి. ఒక వలయం చుట్టూ చదివితే 'మాఘకావ్యమిదం', ఇంకో వలయంలో 'శిశుపాలవధః'. లెక్క పెట్టండి, రెండూ ఆరేసి అక్షరాలే. పద్యం మామూలుగా చదివినవాడికి ఈ పేర్లు కనిపించవు, బొమ్మ గీసినవాడికే కనిపిస్తాయి.

పూరణలో 'ఆకు లెంచి' అన్న ప్రయోగం ముచ్చటగా ఉంది, చక్రం ఆకులను ఎంచడమే కదా విప్పే పద్ధతి. 'ఆ'కు 'నరసిన'లోని అకారం యతి. మన నాగబంధం (పాము), పద్మబంధం (తామర), ఖడ్గబంధాలను (కత్తి) కూడా ఇలాగే కాగితం మీద గీసుకుని చదవమని నా మనవి. అచ్చు పుస్తకంలో పద్యం మాత్రమే వేసి బొమ్మ వదిలేస్తే కవి పడిన శ్రమలో సగం పోతుంది.

డాలస్ తెలుగమ్మాయి:
పద్మబంధం గీయడం ఎక్కడ మొదలుపెట్టాలండీ?

పద్యాల పిచ్చి:
మధ్యలో అక్కా. అన్ని రేకులకూ ఉమ్మడిగా వచ్చే అక్షరం ఏదో ముందు పట్టుకోండి. అది కుదిరితే రేకులు వాటంతట అవే వస్తాయి.

నిర్వాహకులు:
వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే: చూడలేనివాఁడె చూచె నెల్ల