‘ఉత్తర చూసి ఎత్తర గంప’: ఆ గంప ఎటు పోతుంది?

‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెతలో ఉత్తర అంటే ఉత్తర దిక్కేననీ, ఆ వైపు మబ్బు పట్టిందో లేదో చూసుకొని పనికి గంప ఎత్తుకోవాలన్నది దాని భావమనీ నిన్న ఒక సభ్యులు వివరించారు. ఆ వివరణతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఈ సామెత నాకు పుస్తకాల నుంచి రాలేదు. అనంతపురం జిల్లా కల్యాణదుర్గం వైపు మెట్టచేను దున్నుకొని బతికిన మా నాయన నోట విన్నాను కాబట్టి, నా వాదంలో వ్యాకరణం ఎంత ఉంటుందో ఆయన కూడా అంతే ఉంటాడు. సభ్యులు ఓర్చుకోవాలి.

మొదట వ్యాకరణం సంగతి. దిక్కును చెప్పేటప్పుడు మనం ఉత్తరం అంటాము, ఉత్తరాన అంటాము, ఉత్తరపు గాలి అంటాము. ‘ఉత్తరం చూసి’ అని ఉంటే దిక్కు అనుకోవడానికి వీలుండేది. సామెతలో ఉన్నది సున్న లేని ‘ఉత్తర’, అంటే ఉత్తర ఫల్గుణి నక్షత్రం పేరిట వచ్చే కార్తె (రైతులు లెక్కపెట్టుకొనే సుమారు రెండు వారాల కాలం). నక్షత్రాలలో ఉత్తరాషాఢ, ఉత్తరాభాద్ర కూడా ఉన్నా, వాటి కార్తెలు వానలు లేని జనవరి, మార్చి నెలలలో వస్తాయి కనుక రైతుకు ‘ఉత్తర’ అంటే ఒక్కటే. కార్తెల పేర్లు కొన్ని పల్లె నోట నలిగి కొత్త రూపం తెచ్చుకున్నాయి. ఆర్ద్ర ఆరుద్ర అయింది, మఘ మఖ అయింది, చిత్ర చిత్త అయింది, పూర్వ ఫల్గుణిలోని పూర్వ ప్రాకృతం దారిలో పుబ్బ అయింది. ఉత్తర మాత్రం ఎలా వచ్చిందో అలాగే నిలిచిపోయింది, దిక్కుతో ఈ తికమక రావడానికి అదే కారణం. పత్రికలవారు పుట్టిన ఏడాదికే కనుమరుగైన రాజకీయ పార్టీల గురించి ‘మఖలో పుట్టి పుబ్బలో మాడినట్లు’ అని రాస్తుంటారు కదా, ఆ మఖకూ పుబ్బకూ తరువాత వచ్చే కార్తె ఈ ఉత్తరే.

ఇక ‘ఎత్తర’. మా ఊళ్ళో మామూలు మాటల్లో ‘గంప ఎత్తుర’ అనే అంటారు, సామెత చెప్పేటప్పుడు మాత్రం అదే మనిషి ‘ఎత్తర’ అంటాడు. ఉకారానికీ ఎకారానికీ యతి కుదరదు, కానీ రెండు మాటలలోనూ రెండో అక్షరం త్తకారమే కాబట్టి ప్రాస చక్కగా కుదిరింది, చివరి రేఫతో అది మరింత బిగిసింది. ఛందస్సు చదవని వాళ్ళు కట్టిన మాట ఇది. మీ ప్రాంతాలలో దీనిని ఎలా పలుకుతారో రాయగలరు.

ఉత్తరనే ఎందుకు చూడాలి అన్నది అసలు ప్రశ్న. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు, అదే కార్తె. ఇది చంద్రుడితో ముడిపడిన లెక్క కాదు గనుక అధికమాసం వచ్చి పండుగలన్నీ వెనక్కు జరిగినా కార్తె కదలదు. మృగశిర జూన్ 8 ప్రాంతంలోనూ, ఉత్తర సెప్టెంబరు 13 ప్రాంతంలోనూ ఏటా వస్తాయి. అనంతపురం ప్రాంతం పడమటి కనుమల వానచాటున ఉంది, ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లే, అందులోనూ ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. జూలై చివర విత్తిన శెనక్కాయ (వేరుశెనగ) చేను ఉత్తర వచ్చేసరికి నలభై అయిదు, యాభై రోజుల పైరుగా ఉంటుంది. పూత రాలి, ఊడలు నేలలోకి దిగి, కాయ ఊరవలసిన సమయం అది. ఆ కార్తె రోజులలో ఒక పదును వాన, అంటే నేల బాగా తడిసే వాన, పడితే పంట, పడకపోతే పశువుల మేతకు కట్టె. ఉత్తర కూడా వట్టిగా పోతే ఇక గంప ఎత్తుకొని ఊరు విడిచి బతకడానికి పొమ్మని సామెత చెబుతోంది. సాధారణంగా చెప్పుకొనే అర్థం ఇదే, నాకూ ఇదే సమ్మతం. ఇందులో దిక్కు చూడడం లేదు, మబ్బు చూడడం కూడా లేదు, ఆఖరి గడువు ముగిసిందా లేదా అని చూడడం ఉంది.

అయితే మా నాయన ఈ సామెతను ఇంకొక విధంగా కూడా వాడేవాడు, నేను ఇంత పొడుగున రాయడానికి అదే కారణం.

ఆయన 1944లో పుట్టాడు, అయిదో తరగతితో బడి మాని మడక పట్టాడు. గోడకు వేలాడే క్యాలెండరులో ఆయన చూసేది తారీఖు గడిలో కింద చిన్న అక్షరాలతో అచ్చు వేసిన కార్తె పేరు ఒక్కటే. మా పెళ్ళిళ్ళ తేదీలు ఎప్పుడూ గుర్తుండేవి కావు గానీ, ఏ ఏడు ఏ కార్తె ఏ పాదంలో (నాలుగో వంతులో) వాన పడిందో ముప్పై ఏళ్ళ వరకు చెప్పేవాడు. 2002 దేశమంతటా కరువు వచ్చిన సంవత్సరం, జూలైలో కురవవలసిన వానలో సుమారు సగమే కురిసింది. మేము అర పదునులోనే విత్తాము. ఉత్తర మొదలైన మూడో రోజున నేను కూడా ఆయన వెంట చేనికి పోయాను. ఆయన ఒక శెనగచెట్టును మొదలంటా పీకి, తిరగవేసి, అరచేతిలో పెట్టుకొని చూశాడు. ఊడలు నేలను తాకి, లోపలికి దిగలేక, సూదిమొనల మాదిరి నల్లబడి ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని గోటితో గిల్లి చూసి, చెట్టును పారవేయకుండా భుజం మీద వేసుకొని ఇంటికి తెచ్చి ఎద్దుకు పెట్టాడు. అప్పటికే ఊళ్ళో నాలుగైదు ఇళ్ళకు తాళాలు పడ్డాయి, సంచులు సర్దుకొని బెంగళూరు బస్సు ఎక్కుతున్నారు. అమ్మ కూడా అటక మీది గంప దించి దుమ్ము దులుపుతూ, “ఏమయ్యా, మనమూ ఉత్తర చూస్తిమి కదా, ఇంక గంప ఎత్తుదామా?” అని అడిగింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఎత్తేది ఎటు పోవడానికని చెప్పినారా ఏమన్నా? ఉలవల గంప కూడా గంపే కదా” అన్నాడు.

ఆ కార్తె నాలుగో పాదంలో మా చేనికి ఒక వాన పడింది. మరునాడు తెల్లవారకముందే ఆయన అదే గంపలో ఉలవలు పోసుకొని, ఎండిన శెనగను గుంటకతో తోలేసి, విత్తే గొర్రు కట్టాడు. అమ్మ గొర్రు మీది జడ్డిగంలో (గింజలు పోసే గిన్నెలో) గింజలు వదిలింది, ఎకరాకు ఎనిమిది కిలోల లెక్కన మూడెకరాలకు సరిపోయాయి. ఉలవకు మళ్ళీ పెద్ద వాన అక్కరలేదు, చలికాలపు మంచుకు తేరుకుంటుంది. ఆ ఏడు మేము ఉలవకట్టు, సంగటి తిని ఊళ్ళోనే ఉన్నాము. పక్కింటివాళ్ళు సంక్రాంతికి తిరిగి వచ్చి, మా కల్లంలో ఉలవపొట్టు చూసి నవ్వారు, ఆ నవ్వులో ఎగతాళి ఎంతో అసూయ ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన చెప్పిన అర్థం సామెతకు సంప్రదాయార్థమని నేను వాదించడం లేదు. గంప అనే మాట మాత్రం ఆయనకు చోటిస్తోంది. తట్ట అంటే మట్టి, ఎరువు గుర్తుకు వస్తాయి, బుట్ట అంటే పూలు, పండ్లు గుర్తుకు వస్తాయి. కందికట్టెలతోనో ఈత బరిగెలతోనో అల్లిన వెడల్పాటి గంపలో ఏదైనా పడుతుంది. విత్తనమూ పడుతుంది, వలస పోయేవాడి సట్టీలూ పాత బట్టలూ పడతాయి. గంపెడాశ, గంపెడు సంసారం, గంపగుత్త అనే మాటలలో కూడా ఏమున్నదో విడమరచకుండా ఉన్నదంతా కలిపి చెప్పే గుణమే ఉంది. సామెత కట్టినవారు ‘మూట’ అనలేదు, అని ఉంటే నాయనకు సందు దొరికేది కాదు.

వలస అర్థం ఆయనకు తెలియక కాదు. నాకు ఉద్యోగం వచ్చి ఒక జూన్ నెలలో బెంగళూరు బయలుదేరినప్పుడు, రచ్చకట్ట దగ్గర ఎవరో అడిగితే, “మావాడు మృగశిరలోనే గంప ఎత్తినాడప్పా, ఉత్తర దాకా ఓపిక లేదు” అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. బస్సు ఎక్కిన తరువాత గానీ ఆ మాట తగలలేదు.

మా అమ్మాయికి ఆయన జేజినాయన. బడిలో దిక్కులు నేర్చుకున్న కొత్తలో ఫోనులో ఆయన ఉత్తర వస్తోందని అంటే, ఉత్తరం ఎక్కడినుంచి వస్తుంది, అది అక్కడే ఉంటుంది కదా అని పోట్లాడింది. నిన్నటి వివరణ చదివినప్పుడు నాకు ముందు గుర్తుకు వచ్చింది ఆ పోట్లాటే. అప్పటినుంచి ఏటా సెప్టెంబరులో, “జేజినాయనా, ఉత్తర వచ్చిందా?” అని అడగడం దానికి అలవాటైంది. “ఉత్తర వచ్చిందమ్మా, వానే ఇంకా బస్సు దిగలేదు” అనేవాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. చేను కౌలుకు ఇచ్చాము. గంప అంచు ఒకవైపు ఊడిపోయింది, అమ్మ దానిని సాయంత్రం కోడిపిల్లల మీద బోర్లిస్తుంది.