తెలుగు మీడియం పిల్లోడు న్యూయార్క్ పోతున్నాడు: కొత్తగా వచ్చినవాళ్ళ హైస్కూలా, మామూలు హైస్కూలా?

కపిలతీర్థం_మామ
మా అక్కావాళ్ళు గ్రీన్‌కార్డు మీద న్యూయార్క్ పోతున్నారు, ఉండేది క్వీన్స్‌లో. మేనల్లుడికి 16 ఏళ్ళు. తిరుపతిలోనే తెలుగు మీడియంలో పది పాసై ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్ చదువుతా ఉండాడు. లెక్కల్లో గట్టివాడు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడమంటే నోరు పెగలదు. దేశానికి కొత్తగా వచ్చిన పిల్లలకని అక్కడ వేరే ప్రభుత్వ హైస్కూళ్ళు ఉన్నాయంట. వాటిలో చేర్చేది మంచిదా? ఇక్కడినుంచి ఏమేం కాగితాలు పట్టకపోవాల? ఏడాది పోతుందా?

చంద్రగిరి_కోట
ఉన్నాయన్నా, అదీ క్వీన్స్‌లోనే మొదలయినాయి. లాగ్వార్డియా కమ్యూనిటీ కాలేజీలో ఇంటర్నేషనల్ హైస్కూల్ 1985లో పెట్టినారు. అదే పద్ధతిలో ఫ్లషింగ్, బ్రూక్లిన్, బ్రాంక్స్, మన్‌హట్టన్‌లో కూడా వచ్చినాయి. 2004 నుంచి ఇంటర్నేషనల్స్ నెట్‌వర్క్ అనే సంస్థ వీటికి అండగా ఉంది. అన్నీ ప్రభుత్వ బడులే, ఫీజు లేదు. దేశానికి వచ్చి నాలుగేళ్ళు దాటకూడదు, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్నవాడై ఉండాల. అవే షరతులు.

ముందు ఇంగ్లీషు నేర్పి తర్వాత సైన్సు చెప్పే పద్ధతి కాదు వీళ్ళది. ఫిజిక్స్ అయ్యవారే ఫిజిక్స్‌తోపాటు ఇంగ్లీషూ నేర్పుతాడు. ఒక బల్ల దగ్గర నాలుగు భాషల పిల్లల్ని కూర్చోబెట్టి ప్రాజెక్టు ఇస్తారు. ఒకరితో ఒకరు మాట్లాడాలంటే వాళ్ళకు ఇంగ్లీషే దిక్కు. ఆలోచించేదానికి, నోట్సు రాసుకునేదానికి ఇంటి భాష వాడుకోమనే చెప్తారు. నోరు పెగలని పిల్లోడికి ఇంతకన్నా మంచి చోటు దొరకదని నా అభిప్రాయం.

చేర్పించాలంటే నేరుగా బడికి పోవద్దండి. ఫ్యామిలీ వెల్‌కమ్ సెంటర్ అని నగర విద్యాశాఖ వాళ్ళ ప్రవేశాల ఆఫీసు ఉంటుంది, అక్కడికి పోవాల. పాస్‌పోర్టో పుట్టిన సర్టిఫికెట్టో, టీకాల రికార్డు, పాత మార్కుల పత్రాలు, చిరునామాకు రెండు రుజువులు అడుగుతారు. బంధువుల ఇంట్లో దిగితే కరెంటు బిల్లు మీ పేరున ఉండదు కాబట్టి ఆ ఇంటివాళ్ళ చేత అఫిడవిట్ రాయించుకోవాల. ఇంటర్నేషనల్ స్కూల్ కావాలని మీరే పేరు పెట్టి అడగండి. అడగకపోతే దగ్గర్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపే అవకాశం ఎక్కువ.

వీసా గురించి ఒక మాట, ఇది చదివే మిగతావాళ్ళ కోసం. గ్రీన్‌కార్డు పిల్లలకు, అమ్మానాన్నల ఉద్యోగ వీసా వెంట వచ్చే హెచ్-4, ఎల్-2 పిల్లలకు ఇబ్బంది లేదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ప్రభుత్వ హైస్కూల్లో 12 నెలలకు మించి చదవకూడదు, ఆ ఖర్చంతా కట్టాల. విజిటర్ వీసా మీద చదువు కుదరదు. బడి వాళ్ళు మాత్రం ఎవర్నీ వీసా సంగతి అడగకూడదు. పిల్లోడు ఏ హోదాలో ఉన్నా బడి తలుపు మూయకూడదని 1982లో ప్లైలర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

పీలేరు_పంతులమ్మ
ఇక్కడ చేసుకోవాల్సిన పనులు చెప్తాను.

టీకాలతో మొదలుపెట్టండి, టైము పట్టేది అదే. మన సర్కారు ఎంఆర్ టీకాలో తట్టు, రుబెల్లా ఉంటాయి, గవదబిళ్ళలకు లేదు. ఆటలమ్మ టీకా సర్కారు పట్టికలోనే లేదు. 10, 16 ఏళ్ళకు వేసే టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా)లో కోరింత దగ్గు భాగం ఉండదు, అక్కడ అడిగేది ఆ మూడూ ఉండే టీడాప్. మెనింజైటిస్ టీకా కూడా అడుగుతారు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ), ఆటలమ్మ రెండూ ఒకే రోజు వేయించండి, లేదంటే మధ్యలో 4 వారాలు ఆగాల. రెండో డోసుకు మళ్ళీ 4 వారాలు. ప్రయాణానికి రెండు నెలల ముందే మొదలుపెడితే తొందర ఉండదు. ఇమిగ్రెంట్ వీసా మెడికల్‌లో కొన్ని వాళ్ళే వేస్తారు. ఆ టీకాల పత్రం డిఎస్-3025 నకలు విడిగా అడిగి తీసుకోండి. సీలు కవరు ఇస్తే దాన్ని విప్పకండి.

ఇక బడి కాగితాలు. పది మెమో, ఇంటర్ మార్కులు చాలవు. హైస్కూల్ అంటే అక్కడ 9 నుంచి 12 దాకా, కాబట్టి 9వ తరగతి మార్కులు కూడా కావాల. ఏ సబ్జెక్టు వారానికి ఎన్ని పీరియడ్లు చెప్పినారో హెడ్మాస్టర్ చేత లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాయించి సంతకం, స్టాంపు వేయించండి. అక్కడ లెక్కంతా క్రెడిట్లలోనే, అంటే పాసైన ప్రతి కోర్సుకూ ఇచ్చే పాయింట్లు. న్యూయార్క్ నగరంలో హైస్కూల్ పూర్తయినట్టు ఇచ్చే డిప్లొమాకు 44 కావాల. ఈ లెటర్ లేకపోతే తెలిసిన పాఠాలకే మళ్ళీ కూర్చోబెడతారు. తెలుగు, హిందీ మార్కులు విదేశీ భాష క్రెడిట్ కింద తీసుకుంటారేమో తప్పకుండా అడగండి.

పేరు కూడా చూసుకోండి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, రెండూ ఒకరివేనని స్టడీ సర్టిఫికెట్‌లో రాయించండి.

కపిలతీర్థం_మామ
చానా థ్యాంక్స్ మేడమ్. ఇంకొక్కటి. ఇంగ్లీషు బాగానే వస్తుందని ఫారంలో రాస్తే పెద్ద క్లాసులో వేస్తారని బావ అంటా ఉండాడు. అట్ల రాయొచ్చా?

చంద్రగిరి_కోట
వద్దన్నా, వద్దు. మన వాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. చేరిన రోజు ఇచ్చే ఇంటి భాష ప్రశ్నావళిలో ఇంగ్లీషు అని రాస్తే పరీక్షే పెట్టకపోవచ్చు. పరీక్ష లేకపోతే సాయమూ లేదు, ఇంటర్నేషనల్ స్కూల్ అర్హతా పోతుంది. తెలుగు అనే రాయండి. తెలుగులో ఫోన్ మీద దుబాసీని అడగండి, డబ్బులు తీసుకోరు.

తెలుగు అని రాస్తే పిల్లోడితో మాట్లాడి చూసి, ఇంగ్లీషు ఏ స్థాయిలో ఉందో తేల్చే నైసిటెల్ అనే పరీక్ష పెడతారు. చేరిన 10 బడి రోజుల్లోపల ఇదంతా అయిపోవాల. హైస్కూల్లో అట్టడుగు స్థాయి వస్తే వారానికి 540 నిమిషాలు, తర్వాతి స్థాయికి 360 నిమిషాలు ఇంగ్లీషు బోధన ఇచ్చి తీరాల. తప్పుగా తేల్చినారనిపిస్తే 45 బడి రోజుల్లోపల రాతపూర్వకంగా మళ్ళీ చూడమని అడగొచ్చు.

ఎన్నో క్లాసు అనేది ఇంగ్లీషు స్థాయిని బట్టి కాదు, క్రెడిట్లను బట్టి. పంతులమ్మ గారు చెప్పిన లెటర్ సరిగ్గా ఉంటే 10 గానీ 11 గానీ అడగొచ్చు. 21 నిండే విద్యా సంవత్సరం చివరిదాకా చదివే హక్కుంది కాబట్టి ఒక ఏడాది వెనకబడినా కొంప మునగదు.

మదనపల్లె_ఎంపీసీ
కోట అన్న మాటలో ఒక దానికి నేను ఒప్పుకోను. లెక్కల్లో గట్టివాడంటే ముందు ఆ బడిలో ఆల్జీబ్రా 2 తర్వాత ఏముందో కనుక్కోండి. ఇవి చిన్న బడులు, కాలిక్యులస్ లాంటి పై కోర్సులు అన్నింట్లో ఉండవు. లేకపోతే కాలేజ్ నౌ అనే పథకం కింద న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ కోర్సులు ఉచితంగా చదవొచ్చు, దానికి బడి వాళ్ళు దారి చూపిస్తారా అని అడగండి. ఈ రెండూ లేకపోతే, ఇంగ్లీషు సాయం బాగా ఇచ్చే పెద్ద హైస్కూలే మేలు.

పరీక్షల సంగతి మాత్రం ఇంటర్నేషనల్ వైపే మొగ్గుతుంది. మామూలు బడిలో డిప్లొమాకు రీజెంట్స్ అనే రాష్ట్ర పరీక్షలు అయిదు. అమెరికా చరిత్ర పేపరు మన పిల్లలకు కొరకరాని కొయ్య: పత్రాలిచ్చి, వాటినుంచి ఆధారాలు తీసి వ్యాసం రాయమంటారు. ఇంటర్నేషనల్ బడుల్లో చాలా బడులకు ఈ పరీక్షలనుంచి మినహాయింపు ఉంది. ఇంగ్లీషు రీజెంట్స్ రాస్తే చాలు, మిగతావాటికి సైన్సు ప్రయోగం, చరిత్ర పరిశోధన లాంటివి చేసి, రాసి, అయ్యవార్ల ముందు నిలబడి వివరించాల. ఈ నిబంధనలు మారే దశలో ఉన్నాయి, చేరేటప్పుడు బడిలో పిల్లలకు సలహాలిచ్చే కౌన్సిలర్‌ను అడగండి. మామూలు బడిలోనే చేరితే పరీక్షకు ఒకటిన్నర రెట్లు టైము, మాటకు మాట మాత్రమే ఉండే నిఘంటువు ఇస్తారు. తెలుగులో ప్రశ్నపత్రం ఉండదు, కానీ ఇంగ్లీషు పేపరు తప్ప మిగతావాటికి నోటితో అనువాదం అడగొచ్చు. ముందుగా అడిగితేనే మనిషిని చూస్తారు.

పోయేలోపల ఒక పని చేయించండి. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి కదా. 9, 10 సైన్సు, సోషల్ పుస్తకాలు తీసుకుని రోజుకు రెండు పేజీలు: తెలుగు చదివి, దాన్ని మూసి, ఇంగ్లీషు పేజీని గట్టిగా చదివి, నాలుగు వాక్యాలు నోటితో చెప్పాల. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఇక్కడ కొనకండి, ఏ మోడల్ కావాలో ఆ బడి వాళ్ళే చెప్తారు.