చివితావెక్కియాలో ఓడ ఆగితే ఒక్కరోజులో రోమ్ చూసి రావొచ్చా?

హన్మకొండ_చౌరస్తా:

అక్టోబర్‌లో బార్సిలోనా నుంచి ఏడు రాత్రుల క్రూజ్ బుక్ చేశాం. బుధవారం పొద్దున 7 గంటలకు ఓడ చివితావెక్కియా రేవుకు వస్తుంది, సాయంత్రం 7కు కదులుతుంది. షెడ్యూల్‌లో మాత్రం "రోమ్" అని రాశారు. మ్యాప్ తెరిస్తే రోమ్ అక్కడికి సుమారు 80 కిలోమీటర్లు. జనగామలో దింపి, ఇదే హైదరాబాద్, చూసి రండి అన్నట్టుంది.

మేం ఐదుగురం. నాన్నకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నేను, మా ఆవిడ, 11 ఏళ్ల పాప. ఓడవాళ్ల టూరు ఐదుగురికీ లెక్కేస్తే తడిసి మోపెడవుతోంది. చేతిలో 12 గంటలున్నాయి కాబట్టి సొంతంగా రైల్లో వెళ్లి కలోసియం, వాటికన్ మ్యూజియం, సెయింట్ పీటర్స్ చర్చి, ట్రెవీ ఫౌంటెన్ నాలుగూ చూద్దామని ఆలోచన. కుదురుతుందా? పొరపాటున ఆలస్యమై ఓడ వెళ్లిపోతే ఏం చేయాలి?

కాజీపేట_జంక్షన్:

అన్నా, 12 గంటలు అనే మాట ముందుగాల మనసులకెల్లి తీసెయ్యి. ఈ లెక్క పొద్దటి నుంచి కాదు, సాయంత్రం నుంచి ఎనకకు కట్టాలె.

ఓడ 7 గంటలకు కదులుతదంటే అందరు లోపట ఉండాల్సిన టైం ఎక్కువమట్టుకు 6 గంటలే, కొన్ని ఓడలల్ల 6:30. ముందురోజు రాత్రి రూముల పెట్టే కాయితంల, ఓడ ఆప్‌ల రాసి ఉంటది. 6 అనే అనుకుందాం. ఒక గంట చేతిల ఉంచుకొని 5 గంటలకల్లా పోర్టు గేటు కాడ ఉండాలె. స్టేషన్ నుంచి గేటు దాకా వచ్చుడుకు అరగంట. అంటే 4:30కు చివితావెక్కియాల రైలు దిగాలె. రోమ్ పెద్ద స్టేషన్ రోమా తెర్మిని నుంచి మామూలు రైలు గంటా పావు దాకా తీసుకుంటది, అందుకే తెర్మినిల 3:15కు, వాటికన్ పక్కనున్న సాన్ పియెత్రో స్టేషన్లనైతే 3:30కు రైలెక్కాలె.

ఇగ పొద్దటి లెక్క. 7కు ఓడ ఆగినా మెట్ల కాడికి వచ్చేసరికి 7:45 అయితది, టూరు కొన్నోళ్లను ముందు దింపుతరు. పోర్టుల నడుసుకుంట పోనియ్యరు. షటిల్ బస్సు ఎక్కితే లార్గో దెల్లా పాచే అనే కాడ దింపుతది. అక్కడి నుంచి రైల్వేస్టేషన్‌కు వేరే బస్సు, దానికి పైసలు. నడిస్తే సముద్రం పొంటి 20, 25 నిమిషాలు, దారిల మికెలాంజెలో కోట కనబడతది. మీ నాన్నకు బస్సే మంచిది. 8:30, 8:45కు రైలు దొరికితే రోమ్‌ల దిగేసరికి 9:45. అంటే రోమ్‌ల మీకు ఉండేది అయిదున్నర గంటలు, అంతే.

నాలుగు కావు. వాటికన్ మ్యూజియం ఒక్కటే మూడు గంటలు తింటది, మికెలాంజెలో బొమ్మలేసిన సిస్టీన్ చాపెల్ చిట్టచివర ఉంటది. కలోసియం లోపటికి పోతే మ్యూజియం వదులుకో, మ్యూజియంకు పోతే కలోసియం బయటి నుంచి చూసి రా.

టికెట్ సంగతి జర జాగ్రత్తగా ఇను. "రెజియోనాలే" అని రాసి ఉన్న రైలే ఎక్కాలె. అది మన ప్యాసింజర్ లెక్క, సీటు నంబర్ ఉండదు. అదే లైన్ల ఇంటర్‌సిటీ, ఫ్రెచ్చా అనే ఫాస్ట్ రైళ్లు కూడ ఆగుతయి, వాటికి టికెట్ వేరు. ఒకరోజు పాసు ఉంటది, బిర్గ్ అంటరు, మనిషికి 12 యూరోలు. రానుపోను రెజియోనాలే రైలు, రోమ్‌ల మెట్రో, సిటీ బస్సు అన్నీ అండ్లనే. స్టేషన్ల పేపర్ల దుకాణంల అడిగితే ఇస్తరు. దాని మీద పేరు, తారీఖు పెన్నుతో రాసి, ప్లాట్‌ఫామ్ కాడి చిన్న మిషన్ల పెట్టి ముద్ర కొట్టియ్యాలె. చానామంది ఆగమయ్యేది ఇక్కడనే: టికెట్ కొంటరు, ముద్ర కొట్టియ్యరు, రైల్ల ఫైన్ కడతరు. ఫోన్ల కొన్న టికెటైతే ఎక్కేముందు ఆప్‌ల చెక్ ఇన్ అని నొక్కాలె, అది మర్చిపోయినా ఫైనే.

మంథని_గోదావరి:

కాజీపేట తమ్ముడి లెక్క సరిగ్గా ఉంది. నేను బుధవారం సంగతి చెప్తాను, ఎందుకంటే అది మీ ప్లాన్‌ను తలకిందులు చేస్తుంది.

పోప్ రోమ్‌లో ఉంటే బుధవారం పొద్దున సెయింట్ పీటర్స్ ముందున్న మైదానంలో జనానికి దర్శనం ఇస్తారు. అంతసేపూ చర్చి మూసే ఉంటుంది, మధ్యాహ్నం 12:30, ఒంటిగంట మధ్య తెరుస్తారు. సాన్ పియెత్రో ముందుగా వచ్చే స్టేషన్ కదా అని ఉదయమే అక్కడ దిగారంటే జనంలో ఇరుక్కుంటారు, చర్చీ దొరకదు. అందుకని వరస తిప్పండి: పొద్దున కలోసియం, చివర్లో వాటికన్.

చివితావెక్కియా నుంచి వచ్చే రైలు సాన్ పియెత్రో, త్రాస్తెవెరె, ఒస్తియెన్సె మీదుగా తెర్మినికి పోతుంది. తెర్మిని దాకా పోకుండా ఒస్తియెన్సెలోనే దిగండి. దాన్ని ఆనుకునే పిరమిదె మెట్రో స్టేషన్ ఉంటుంది. అక్కడ బి లైన్ ఎక్కితే రెండో స్టాపే కొలొస్సెయో, మెట్లెక్కి బయటికి రాగానే కలోసియం ఎదురుగా కనిపిస్తుంది. సామాన్లతో కిటకిటలాడే తెర్మినిలో అటూ ఇటూ తిరిగే పని తప్పుతుంది.

కలోసియం టికెట్ 18 యూరోలు, 18 ఏళ్ల లోపు వాళ్లకు ఉచితం. అయినా పాప పేరు మీద సున్నా టికెట్ తీయాల్సిందే. అధికారిక సైట్‌లో సరిగ్గా 30 రోజుల ముందు వదులుతారు. తత్కాల్ టికెట్ల కోసం పది గంటలకు లాగిన్ అయి కూర్చుంటాం చూడండి, అలాగే కూర్చోవాలి. స్లాట్ 11 గంటలది తీసుకోండి. 10కి తీసుకుంటే ఓడ అరగంట ఆలస్యమైనా టికెట్ గాలికి పోతుంది. టికెట్ మీద పేరుంటుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూస్తారు. కొన్ని ఓడల్లో మనలాంటి వాళ్ల పాస్‌పోర్టులు రిసెప్షన్‌లో పెట్టుకుంటారు కాబట్టి ముందురోజు రాత్రే అడిగి తీసుకోండి. ఇస్తారా ఇవ్వరా అన్నది టికెట్ కొనకముందే ఏజెంటుతో తేల్చుకుంటే ఇంకా మంచిది. పెద్ద బ్యాగులు, గాజు సీసాలు లోపలికి రానివ్వరు.

12:15కు బయటపడితే అదే బి లైన్‌లో రెండు స్టాపులు తెర్మినికి, అక్కడ ఎ లైన్‌కు మారి రెండో స్టాపు బార్బెరీని. ట్రెవీ ఫౌంటెన్ అక్కడి నుంచి పది నిమిషాల నడక లోపే. తర్వాత మళ్లీ ఎ లైన్‌లోనే ఒత్తావియానో, దిగి పది నిమిషాలు నడిస్తే సెయింట్ పీటర్స్ మైదానం. 2 గంటలకు అక్కడికి చేరతారు. చర్చిలోకి ప్రవేశం ఉచితమే గానీ సెక్యూరిటీ క్యూ ఉంటుంది, బుధవారం మధ్యాహ్నం అది శివరాత్రి నాటి వేయిస్తంభాల గుడి క్యూలాగే ఉండొచ్చు. 2:30కి క్యూ సగం కూడా కదలకపోతే వదిలేసి, మైదానం చూసి, స్టేషన్‌కు నడవండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి. చీర, చుడీదార్‌లకు ఇబ్బంది లేదు, షార్ట్స్ వేసుకున్న మగవాళ్లనే ఎక్కువగా ఆపుతారు.

మైదానం నుంచి సాన్ పియెత్రో స్టేషన్ పావుగంట నడక. తిరుగు దారిలో రోమ్‌లో చివరి పెద్ద స్టేషన్ అదే కాబట్టి కలిసొస్తుంది. ఒక్క చిక్కు: రైలు అప్పటికే నిండి వస్తుంది, కూర్చోవడానికి దొరక్కపోవచ్చు. నాన్నగారు గంటసేపు నిలబడలేరనుకుంటే చర్చి మానేసి తెర్మినిలోనే ఎక్కండి. తెర్మినిలో చివితావెక్కియా వైపు రైళ్లు చాలాసార్లు 25 దాటిన ప్లాట్‌ఫామ్‌ల నుంచి కదులుతాయి. మెట్రో నుంచి అక్కడికి పది నిమిషాల పైనే నడవాలి, ఆ లెక్క వేసుకోండి. బోర్డు మీద చివరి స్టేషన్ పేరే పెద్దగా రాస్తారు. పీసా, గ్రోసెత్తో అని ఉన్నా చివితావెక్కియాలో ఆగుతుంది. లాదిస్పోలి అని ఉంటే ఎక్కొద్దు, అది సగం దారిలోనే ఆగిపోతుంది.

కరీంనగర్_కమాన్:

ఇద్దరూ రైలు గురించి బాగా చెప్పారు. కానీ 68 ఏళ్ల మనిషి మోకాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

పైన రాసిన దారిలో నడకే ఆరేడు కిలోమీటర్లు తేలుతుంది. రోమ్ పాత వీధులన్నీ చిన్న చిన్న నల్లరాళ్లు పరిచినవి. పిడికెడంత రాళ్లు, మధ్యలో వేలు దూరేంత సందులు. వాన పడితే జారతాయి. అలవాటు లేని మోకాలికి తారు రోడ్డు మీద రెండు కిలోమీటర్లు ఎంతో, వీటి మీద ఒక కిలోమీటరు అంత. మెట్రోలో కొన్ని చోట్ల లిఫ్ట్ ఉండదు, ఉన్నది నడవదు. కలోసియంలో లిఫ్ట్ ఉంది, అడగండి. పక్కనున్న ఫోరం (పాత రోమన్ల ఊరి కూడలి) శిథిలాలు అదే టికెట్‌లో వస్తాయి గానీ నాన్నగారిని అందులోకి దింపొద్దు, అంతా ఎగుడుదిగుడు రాళ్లే. సెయింట్ పీటర్స్ గుమ్మటం ఎక్కాలని పాప అడుగుతుంది. మొత్తం 551 మెట్లు, లిఫ్ట్‌కు డబ్బు కట్టినా ఇంకా 320 ఎక్కాలి. మీ టైములో అది కాదు.

మీకు రెండు మధ్యేమార్గాలున్నాయి. ఓడవాళ్ల దగ్గర గైడ్ లేని బస్సు ఒకటి అమ్ముతారు, "రోమ్ మీ ఇష్టం" అన్న తరహా పేరుతో. రోమ్‌లో ఒకచోట దింపి, సాయంత్రం అక్కడే ఎక్కించుకుంటారు. పూర్తి టూరు కన్నా బాగా తక్కువ. పొద్దుటి ట్రాఫిక్‌లో గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది, రైలు కన్నా నయమేం కాదు. కానీ ఓడవాళ్ల బస్సు గనక అది ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీరు కొన్న రైలు టికెట్‌కు ఆ హామీ లేదు. ఆ డబ్బు బస్సుకు కాదు, ఆ హామీకి అనుకోండి.

రెండోది ఎనిమిది సీట్ల వ్యాన్. ఐదుగురికి పంచితే ఓడ టూరు కన్నా తక్కువే పడుతుంది, ఒకరిద్దరి కన్నా ఐదుగురికే అది గిట్టుబాటు. బుక్ చేసేటప్పుడు మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఓడ పక్కకు వస్తాడా, లార్గో దెల్లా పాచే దాకేనా? డ్రైవర్ దగ్గర ఎన్‌సీసీ లైసెన్స్ (డ్రైవర్‌తో సహా బండి అద్దెకు నడిపే ఇటలీ పర్మిట్) ఉందా? ఓడ రేవుకే రాకపోతే డబ్బు వాపసు ఇస్తారా? పాత రోమ్‌లో చాలా వీధుల్లోకి బయటి కార్లను రానివ్వరు, కెమెరాలు పెట్టి ఫైన్ వేస్తారు, అందుకే ఆ లైసెన్స్ గురించి అడగమంటున్నాను.

హన్మకొండ_చౌరస్తా:

అందరికీ ధన్యవాదాలు. వాటికన్ మ్యూజియం వదిలేశాం. నాన్న కోసం వ్యాన్ వైపే మొగ్గుతున్నాం, ధర కుదరకపోతే రైలు. అమ్మ తిండి సంగతి, ఓడ మిస్ అయితే సంగతి ఎవరైనా చెప్పండి.

మంథని_గోదావరి:

అమ్మగారికి ముక్కలుగా కోసి తూకానికి అమ్మే పిజ్జా దుకాణాలే దిక్కు. వేలితో చూపించి ఎంత ముక్క కావాలో చెప్తే కత్తెరతో కోసి, తూచి, వేడి చేసి ఇస్తారు. మార్గెరీటా అడగండి. మరినారా అయితే చీజ్ కూడా ఉండదు, టమాటా, వెల్లుల్లి మాత్రమే. పక్కనే బంగారు రంగులో బోండాల్లాంటివి కనిపిస్తాయి, సుప్లీ అంటారు. చూస్తే అన్నం ముద్దే గానీ లోపల తరచుగా మాంసం సాస్ ఉంటుంది, ముట్టుకోనివ్వొద్దు. అన్నం, పప్పే కావాలంటే తెర్మినికి దగ్గరలో పియాజ్జా విత్తోరియో చుట్టుపక్కల మనవాళ్ల హోటళ్లున్నాయి, కానీ మీ అయిదున్నర గంటల్లో ఒక గంట అక్కడే పోతుంది. నీళ్ల సీసా కొనక్కర్లేదు. వీధుల్లో ఇనప స్తంభాల్లాంటి కుళాయిలు పారుతూనే ఉంటాయి, మంచినీళ్లే, పట్టుకోండి.

తెర్మిని నుంచి వాటికన్ పోయే 64 నంబర్ బస్సులో, మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ. ఫోను వెనక జేబులో వద్దు.

కాజీపేట_జంక్షన్:

ఓడ పోతే పోయినట్టే అన్నా, మీ కోసం ఆగది. అసొంటప్పుడు చేయాల్సింది: రోజువారీ కాయితంల పోర్టు ఏజెంటు ఫోన్ నంబర్ ఉంటది, దాన్ని పొద్దున దిగేముందే ఫొటో తీసుకో. ఆలస్యమైతదని తెల్వంగనే, ఓడ కదలకముందే ఆ నంబర్‌కు చెయ్యాలె. పాస్‌పోర్టు ఓడల ఉంటే ఏజెంటుకు అప్పజెప్పి పోతరు. తర్వాతి రేవుకు ఖర్చు మీదే. అందుకే మందులు, ఒక కార్డు, పాస్‌పోర్టు జిరాక్స్, ఓడ కార్డు ఒంటి మీదనే ఉండాలె. వీసా షెంగెన్‌దే (చానా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) సరిపోతది, కాకపోతే ఓడ నడుమల ట్యునీషియా అసొంటి బయటి దేశానికి పోయి వస్తే మల్టిపుల్ ఎంట్రీ అడగాలె.

రైలుకే ఖాయమైతే ఇంకొక్కటి. వారం ముందు నుంచి "షోపెరో" అనే మాట వెతుకు, అంటే సమ్మె. సమ్మె రోజు కూడ వారపు దినాలల్ల పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని రైళ్లు తప్పకుండ నడుపుతరు. గమ్మత్తేందంటే నువ్వు 8:45 రైలెక్కి మంచిగ రోమ్ పోతవు, తిరిగి వచ్చే 3:30 రైలే ఉండదు, 6 గంటలకు రైళ్లు మొదలయ్యేసరికి ఓడ తలుపులు మూస్తది. ఆ బుధవారం షోపెరో ఉన్నదని కనబడితే వ్యానో, ఓడ బస్సో, రైలు మాత్రం వద్దు.