అప్‌డేట్: నల్గొండ గుళ్ల బ్లాగు, మీ సలహాల తర్వాత

అందరికీ నమస్తే. మా జిల్లా పాత గుళ్ల మీద బ్లాగు రాస్తున్నానని, చదివేవాళ్లు రావట్లేదని, ఏం చేయమంటారని ఇంతకుముందు అడిగాను కదా. ఏం జరిగిందో చెబుతాను.

అన్నిటికన్నా కలిసొచ్చింది, జనం వెతికే మాటలే టైటిల్‌లో పెట్టమన్న సలహా. "నీడలో శివుడు" అన్న పోస్టు పేరు "పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం: నల్గొండ నుంచి ఎట్లా పోవాలి, ఏం చూడాలి" అని మార్చాను. ఊరు సుమారు 4 కిలోమీటర్లని, గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడ గురించి, ఊళ్లోనే పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం ఉన్నాయని మొదటి పేరాలోనే రాశాను. జనం గూగుల్‌లో వెతికేది అదే. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు అక్కడికొచ్చి, కింద ఇచ్చిన లింకులు పట్టుకుని మిగతావి కూడా చదువుతున్నారు.

ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కోటి 4, 5 ఎంబీ ఉంటుంది. 200 కేబీ దాకా తగ్గించి పెడుతున్నా. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే దేవరకొండ వైపు ఊళ్లలో కూడా పేజీ తొందరగా తెరుచుకుంటోందట. ఆ మాట వింటే చాలా సంతోషమేసింది. గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ (బ్లాగులోని పేజీల జాబితా) ఇచ్చాను, బ్యాకప్ తీసిపెట్టుకున్నాను.

వారానికి మూడు పోస్టులన్న సలహా మాత్రం పాటించను. గుడికి పోయి, శాసనం చూసి, పూజారి గారితో మాట్లాడి రాయాలంటే టైం పడుతుంది. నెలకు రెండైనా గట్టిగా రాస్తా.

తర్వాతది సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్లు. పేరు కొడితే అదే పేరున్న మహబూబ్‌నగర్ మర్రిచెట్టే ముందొస్తోంది. టైటిల్‌లో సూర్యాపేట ముందు పెట్టాలా, అక్కడి ఎరకేశ్వరాలయం పేరు ముందు పెట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి.