పాపకి జ్వరం, దద్దుర్లు, వాంతులు: తెల్లారేదాకా ఆగొచ్చా?

మాది పొదలకూరు దగ్గర పల్లె. పాపకి మూడేళ్లు, 13 కిలోలు. మొన్నటి నుంచి 102 జ్వరం. పారాసెటమాల్ సిరప్ పోస్తే కాసేపు చెమటపట్టి, మళ్లీ ఒళ్లు కాలిపోతోంది. ఈ పొద్దున పొట్ట మీద ఎర్రటి చుక్కలు లేచాయి. గాజు గ్లాసు అదిమి చూస్తే చాలావరకు మాయమవుతున్నాయి, కాళ్ల మీద రెండు మూడు మాత్రం అలాగే ఉంటున్నాయి. అదే నా టెన్షన్. మధ్యాహ్నం నుంచి నాలుగు వాంతులు. ఓఆర్‌ఎస్ చెంచాతో పట్టినా నిలవట్లేదు, పొద్దుననగా పోసిన ఉచ్చే, మళ్లీ లేదు.

మా అత్తేమో పాపకి తట్టు పోసిందని, వేపాకు పరచమని అంటోంది. తట్టు టీకా రెండు డోసులూ వేయించాం కదా! పక్క వీధిలో ఇద్దరికి డెంగీ. నాకైతే ఆగబుద్ధి కావడం లేదు. 108కి ఇప్పుడే ఫోన్ చేసి నెల్లూరు తీసుకెళ్లనా? దారిలో ఏం గమనించాలో తెలిసినవాళ్లు చెప్పండి.