ఐదో తరగతి సైన్సులో వెనకబడిన పిల్లలకు మీరేం చేస్తున్నారు?

టెక్కలి టీచర్: మా క్లాసులో కొందరు అమ్మానాన్నలతో వలస వెళ్లి నెలల తర్వాత తిరిగొచ్చారు. "నీరు ఆవిరవుతుంది" అని గడగడా చెప్తారు గానీ, తడి పలక ఎలా ఆరిందంటే పలకే పీల్చేసుకుందంటున్నారు. సిలబస్ చూస్తే టెన్షన్. మూడో తరగతి నుంచి మళ్లీ చెప్పాలా?

బొబ్బిలి మేడం: అంత వెనక్కి వద్దు మాస్టారూ. ఈ పాఠానికి ఏది రాక ఆగారో అదొక్కటే పట్టుకోండి. నౌపడ ఉప్పుమడులు మీకు దగ్గరే కదా, స్టీలు పళ్లెంలో పల్చగా ఉప్పునీళ్లు పోసి ఎండలో పెట్టి, ఏం మిగులుతుందో ముందే వాళ్లచేత చెప్పించండి. అడుగున తెల్లటి పలుకులు చూశాక నీళ్లెటు పోయాయో వాళ్లే వాదించుకుంటారు. స్టీలు పీల్చిందనలేరుగా!

గజపతినగరం మాస్టారు: వారం పోయాక అదే ప్రశ్న వేరేలా అడగండి, తీగ మీద చొక్కా ఎలా ఆరిందని. తడబడితే ఇంకా పట్టుబడలేదన్నమాట. ఇంకోటి, రాయడం రానంత మాత్రాన సైన్సు రాదనుకోవద్దు, బొమ్మ గీయించండి, నోటితో చెప్పించండి.

టెక్కలి టీచర్: థాంక్స్ అండీ. పక్కనే మూతపెట్టిన పళ్లెం కూడా ఒకటి పెడతాను, మూత లోపల చుక్కలు చూస్తారు.